నిండు కుండ, సగం ట్యాంకు

బంకులో పెట్రోలు కొట్టించుకునేటప్పుడు అందరి చూపూ ముందు సున్నా మీద, తర్వాత రూపాయల మీద, ఆ తర్వాత లీటర్ల మీద ఉంటుంది. అదే మిషను మీద ఇంకో అంకె కూడా ఉంటుంది కానీ దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. 'డెన్సిటీ' అని రాసి పక్కన 742 అనో 748 అనో కనిపిస్తుంది. కల్తీని పట్టుకోవడానికి పెట్టిన అంకె అది. అయితే అది చెప్పేది నిజానికి బరువు. వెయ్యి లీటర్ల పెట్రోలు అన్ని కిలోలు తూగుతుందని దాని అర్థం. అంటే లీటరు పెట్రోలు దాదాపు ముప్పావు కిలో. డీజిలు కాస్త బరువైనది, లీటరుకు 830 గ్రాముల దగ్గర తూగుతుంది.

అనంతపురంలో కారున్నవాళ్ల మధ్య ఈ బరువు గురించి ఒక మాట, ఒక అలవాటు ఉన్నాయి. "ఫుల్ ట్యాంక్ ఎందుకన్నా, సగం కొట్టించు చాలు, బండి తేలిగ్గా ఉంటే మైలేజీ వస్తుంది" అనేది మాట. అలవాటు దీనికి పూర్తిగా ఎదురు. బళ్లారి పోయొచ్చేవాళ్లు, బెంగళూరు నుంచి తిరిగొచ్చేవాళ్లు సరిహద్దు దాటకముందే కర్ణాటక బంకులో ఆగి, ఆటో కట్ అయ్యేదాకా, అంటే పోసే గన్ను దానంతటదే ఆగేదాకా, నింపుకుని మరీ వస్తారు. అక్కడ లీటరు మీద కొన్ని రూపాయలు మిగులుతాయి కాబట్టి. గుంతకల్లు, రాయదుర్గం వైపు ఇది ఎప్పట్నుంచో ఉన్నదే. చిత్రమేమిటంటే, ఊళ్లో సగం ట్యాంకు సలహా ఇచ్చే మనిషీ, సరిహద్దులో మూత దాకా నింపించే మనిషీ చాలాసార్లు ఒక్కరే. ఈ రెండింటిలో ఏది సరైనదో తేల్చాలంటే ముందు తక్కెడ పట్టుకోవాలి.

మన రోడ్ల మీద బాగా కనిపించే స్విఫ్ట్‌నే తీసుకుందాం. ట్యాంకు 37 లీటర్లు. అంచుదాకా ఉంటే పెట్రోలు బరువు 27 కిలోలు, కాస్త పైన. కర్నూలు సోనా బియ్యం బస్తా ఒకటి డిక్కీలో వేసుకున్నట్టు. (బస్తా ఇప్పుడు 26 కిలోలది. 25 కిలోల దాకా ఉన్న ప్యాకెట్ల మీద 2022లో జీఎస్టీ వేసేసరికి మిల్లులవాళ్లు ఒక కిలో పెంచి గట్టెక్కారు.) కారు బరువు సుమారు 920 కిలోలు. అంటే నిండు ట్యాంకు బరువు కారు బరువులో మూడు శాతం. పెద్ద బండ్లలోనూ ఈ వాటా దాదాపు ఇంతే. ఫార్చ్యూనర్‌ ట్యాంకులో 80 లీటర్ల డీజిలు పడుతుంది, అది 66 కిలోలు. ఒక మనిషి బరువు. అయితే ఆ బండే రెండు టన్నుల పైచిలుకు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. కంపెనీ కాగితాల్లో రాసే 'కర్బ్ వెయిట్', అంటే మనుషులూ సామానూ లేని బండి బరువు, ఖాళీ ట్యాంకుతో తూచింది కాదు. ట్యాంకు 90 శాతం నింపాకే తూస్తారు. అందుకని ఆ 920కి పెట్రోలు బరువు మళ్లీ కలపక్కర్లేదు. నిజానికి ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ బండి ఆ అంకె కంటే తేలికవుతూ పోతుంది.

మూడు శాతం బరువు పెరిగితే పికప్ కూడా దాదాపు మూడు శాతం తగ్గుతుంది. ఇంజను బలం అంతే ఉంటుంది, లాగాల్సిన బరువు పెరిగింది. ఆగి ఉన్న చోటు నుంచి వంద అందుకోవడానికి 12 సెకన్లు పట్టే కారుకు నిండు ట్యాంకుతో ఇంకో మూడో వంతు సెకను పడుతుంది. జాతీయ రహదారి 44 మీద లారీని దాటేటప్పుడు అరవై నుంచి వందకు చేరడానికి పది సెకన్లు పట్టేదనుకుంటే, తేడా పావు సెకను. ఎనభై స్పీడులో పావు సెకనంటే అయిదారు మీటర్లు. లెక్కలో కనిపిస్తుంది, సీట్లో కూర్చున్న మనిషికి తెలియదు. వెనక సీటులో ముగ్గురు ఎక్కితే మాత్రం ఎవరికైనా తెలుస్తుంది, ఎందుకంటే అది 27 కిలోలు కాదు, రెండు వందలు. మే నెల ఎండలో ఏసీ వేసినా తెలుస్తుంది.

మైలేజీ దగ్గరికి వస్తే లెక్క ఇంకా చిన్నదవుతుంది. కారులో అదనంగా 45 కిలోలు మోస్తే మైలేజీ ఒక శాతం తగ్గుతుందని అమెరికా ప్రభుత్వ ఇంధన విభాగం చెప్పే లెక్క. అక్కడి కార్లు పెద్దవి. మన చిన్న కార్లకు దెబ్బ ఎక్కువే తగులుతుంది కాబట్టి రెట్టింపు వేసుకుందాం, అంటే 45 కిలోలకు రెండు శాతం. ఎప్పుడూ ఫుల్ చేయించే మనిషి కారులో సగటున సగం ట్యాంకు ఉంటుంది, 13 కిలోల పైన. ఎప్పుడూ సగమే కొట్టించే మనిషి కారులో సగటున పావు ట్యాంకు, దాదాపు ఏడు కిలోలు. ఇద్దరి మధ్య తేడా ఆ ఏడు కిలోలే. శాతాల్లో పెడితే 0.3. 37 లీటర్లు అయిపోయేలోగా మిగిలేది నూరు మిల్లీలీటర్ల పైచిలుకు, పన్నెండు రూపాయల విలువ. దీనికోసం బంకుకు ఒక ట్రిప్పు ఎక్కువ తిరగాలి. బంకు కోసం రెండు కిలోమీటర్లు పక్కకు పోయొస్తే ఆ నూరు మిల్లీలీటర్లూ అక్కడే హారతి కర్పూరం.

మరి సగం ట్యాంకుతో మైలేజీ పెరిగిందని చెప్పేవాళ్లంతా అబద్ధాలాడుతున్నారా? లేదు. వాళ్లు కొలిచే పద్ధతిలోనే తిరకాసు ఉంది. ట్యాంక్ టు ట్యాంక్, అంటే ఒకసారి నింపినప్పటి నుంచి మళ్లీ నింపేదాకా, చూసేటప్పుడు ఒక బంకులో గన్ను ఆటో కట్ కాస్త ముందే పడుతుంది, ఇంకో బంకులో అరలీటరు ఎక్కువ పోశాక పడుతుంది. బండి వాలుగా నిలబడినా తేడా వస్తుంది. 35 లీటర్లలో అరలీటరు తేడా అంటే ఒక శాతం దాటింది. పూర్తిగా నిండిన ట్యాంకుకూ పూర్తిగా ఖాళీ ట్యాంకుకూ మధ్య మైలేజీలో వచ్చే తేడా కూడా దాదాపు అంతే. తక్కెడ ముల్లే అంతగా ఊగుతుంటే దాంతో అంత చిన్న బరువును తూచలేం. కొన్ని కార్లలో పెట్రోలు చూపే ముల్లు మొదటి సగం నింపాదిగా దిగి, రెండో సగం గబగబా దిగుతుంది. ఇంకొన్నింటిలో ఇది తిరగబడుతుంది. ముల్లును నమ్మి మైలేజీ లెక్కగట్టేవాళ్ల సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

హైవే మీద నిలకడగా పోతున్నప్పుడు బరువు సంగతి ఇంకా వెనక్కి పోతుంది. సమతలం మీద ఒకే స్పీడులో పోయే కారుకు అడ్డు ప్రధానంగా రెండు: టైర్ల దగ్గర ఈడ్పు, ఎదురుగా గాలి. బరువు పెంచేది మొదటిదాన్నే. 27 కిలోల పెట్రోలు వల్ల టైర్ల దగ్గర పెరిగే ఈడ్పు పావు కిలో బరువును పైకెత్తేంత బలం, అంతే. అదే వంద స్పీడులో గాలి కారును దాదాపు 30 కిలోల బలంతో వెనక్కి నెడుతుంటుంది. స్పీడు ఎనభై నుంచి వందకు పెంచితే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆషాఢంలో ఆ వైపు నుంచి వీచే గాలికి ఎదురు పోతే మైలేజీలో కనిపించే తేడా ముందు పెట్రోలు బరువు మాటే ఎత్తనక్కర్లేదు. టైర్లలో గాలి తగ్గినా అంతే. డ్రైవరు డోరు తీస్తే పక్క స్తంభానికి అంటించిన స్టిక్కరు మీద ఎంత గాలి ఉండాలో రాసి ఉంటుంది. సగం ట్యాంకుతో తిరుగుతూ, టైర్లలో అయిదారు పాయింట్లు తక్కువ పెట్టుకుని నడిపేవాళ్లు చిల్లర ఏరుకుంటూ నోట్లు జారవిడుస్తున్నట్టే.

బరువు తన పన్ను కచ్చితంగా వసూలు చేసేది ఎత్తు ఎక్కేటప్పుడు. అనంతపురం సముద్రమట్టానికి 335 మీటర్ల దగ్గర ఉంటుంది, బెంగళూరు 920 మీటర్ల దగ్గర. రోడ్డు మీద ఘాట్ లాంటిదేమీ పెద్దగా కనిపించదు కానీ పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి మీదుగా పోతూ పోతూ 585 మీటర్లు పైకెక్కుతాం. నలుగురు మనుషులతో 1,250 కిలోలు ఉన్న కారును అంత ఎత్తుకు చేర్చడానికే లీటరుకు కాస్త తక్కువ పెట్రోలు ఖర్చవుతుంది. బెంగళూరుకు పోయేటప్పుడు మైలేజీ తక్కువ, వచ్చేటప్పుడు ఎక్కువ అని ఈ రోడ్డు మీద తిరిగేవాళ్లు చెప్పేది భ్రమ కాదు. ఇక అందులో ట్యాంకులోని పెట్రోలు వాటా ఎంతో చూద్దాం. 27 కిలోలను 585 మీటర్లు ఎత్తడానికి ఖర్చయ్యేది ఇరవై మిల్లీలీటర్లు. పిల్లలకు దగ్గు మందు పోసే చిన్న మూత ఉంటుందే, దానితో రెండుసార్లు. అది కూడా దారి పొడవునా ట్యాంకు నిండుగానే ఉందనుకుంటే.

కాబట్టి సరిహద్దులో ఫుల్ చేయించుకునేవాళ్లు బరువు గురించి ఆలోచించే పనే లేదు. లీటరుకు అయిదు రూపాయలే తేడా అనుకున్నా 35 లీటర్ల మీద 175 రూపాయలు మిగులుతాయి. వాళ్లు ఆలోచించాల్సింది దూరం గురించి. లీటరుకు 18 కిలోమీటర్లిచ్చే కారుకు కిలోమీటరు ఖర్చు ఆరు రూపాయల దగ్గర ఉంటుంది. పని మీద పోయినప్పుడు దారిలో నింపుకుంటే ఆ 175 మిగిలినట్టే. పెట్రోలు కోసమే పదిహేను కిలోమీటర్లు పోయి, పదిహేను తిరిగొస్తే మిగిలేది ఎండలో తిరిగిన తిరుగుడే.

ఎండ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. వేసవిలో ఫుల్ ట్యాంక్ కొట్టిస్తే పేలుతుందని ఏటా ఒక మెసేజీ ఫోన్లలో తిరుగుతుంది. అది వట్టి పుకారు. పెట్రోలు వేడికి వ్యాకోచించే మాట నిజమే. ఇరవై డిగ్రీలు వేడెక్కితే 35 లీటర్లు కాస్తా 35.7 దాకా పెరుగుతుంది. దానికి చోటు వదిలే ట్యాంకు తయారు చేస్తారు. ఆటో కట్ పడ్డాక కూడా లెక్క సరిచేయడానికని గన్ను మళ్లీ మళ్లీ నొక్కించి మెడ దాకా పోయించడమే తప్పు. ఆ ఖాళీ చోటు కూడా నిండిపోయి, ఆవిరిని పట్టుకోవడానికి పెట్టిన బొగ్గు డబ్బాలోకి పెట్రోలే పోతుంది. అన్నట్టు, వేడికి పెట్రోలు పెరిగేది కొలతలోనే, బరువులో కాదు.

ఇంతవరకూ ఎంత బరువు అనే మాటే. నడక దగ్గర, అంటే స్టీరింగు తిప్పినప్పుడూ బ్రేకు వేసినప్పుడూ బండి ఎలా నడుచుకుంటుందనే దగ్గర, ఎంత బరువు అన్నదానికంటే ఎక్కడ బరువు అన్నది ముఖ్యం. చిన్న కార్లలో దాదాపు అన్నింటికీ పెట్రోలు ట్యాంకు వెనక సీటు కింద, వెనక ఇరుసుకు కాస్త ముందు ఉంటుంది. రెండు ఇరుసుల మధ్య ఉండడం, నేలకు దగ్గరగా ఉండడం రెండూ మంచివే. గుద్దుకున్నప్పుడు ట్యాంకుకు దెబ్బ తగిలే అవకాశం కూడా అక్కడ తక్కువ. స్విఫ్ట్‌ లాంటి కారులో 27 కిలోల్లో సుమారు 20 వెనక చక్రాల మీద, మిగతా ఏడు ముందు చక్రాల మీద పడతాయి. ఇంజను ముందుండి, ముందు చక్రాలే లాగే ఇలాంటి చిన్న కార్లలో వెనక భాగం తేలికే, మొత్తం బరువులో నలభై శాతం కూడా ఉండదు. కాబట్టి కారు మొత్తం మీద మూడు శాతంగా కనిపించిన బరువు వెనక ఇరుసు దగ్గరికి వచ్చేసరికి అయిదారు శాతం అవుతుంది.

అది చెడ్డది కాదు. డ్రైవరు ఒక్కడే ఉన్న ఖాళీ చిన్న కారు గతుకుల రోడ్డు మీద వెనక భాగం ఎగిరెగిరి పడుతూ పోతుంది. వెనక స్ప్రింగులు అయిదుగురి బరువు మోయడానికి పెట్టినవి మరి. కింద కాస్త బరువు పడితే అది కుదురుకుంటుంది. ఫుల్ ట్యాంక్ ఉంటే బండి రోడ్డుకు అతుక్కుని పోతుందని పాత డ్రైవర్లు అనే మాటలో కొంత అతిశయం ఉంది కానీ అసలే లేని మాట కాదు. అదే 27 కిలోలను పైన క్యారియరు మీద కట్టి చూడండి. మలుపులో బండి పక్కకు వాలడం వెంటనే తెలుస్తుంది. బరువు మారలేదు, ఎత్తు మారింది.

సీఎన్జీ బండ్లు ఈ తేడాను ఇంకా బాగా చూపిస్తాయి. డిక్కీలో పెట్టే 60 లీటర్ల ఇనుప సిలిండరు ఒక్కటే అరవై కిలోల పైన ఉంటుంది. బిగింపులూ గొట్టాలూ కలిపితే బండి మొత్తం ఎనభై, తొంభై కిలోలు పెరుగుతుంది. అందులో గ్యాసు ఎనిమిది, తొమ్మిది కిలోలే. పెట్రోలు కాలేకొద్దీ బండి తేలికవుతుంది. సిలిండరు మాత్రం గ్యాసు అయిపోయినా అంతే బరువు. పైగా అది కూర్చునేది వెనక ఇరుసుకు అవతల. ఏతాం వెనక కొన మీద మనిషి నిలబడితే ముందు కొన లేచినట్టు, ఇరుసుకు పావు మీటరు వెనక పెట్టిన 65 కిలోల బరువు ముందు చక్రాల మీద నుంచి ఆరేడు కిలోలు లేపేస్తుంది. లాగేది, తిరిగేది, బ్రేకు ఎక్కువగా పడేది ముందు చక్రాలే. సీఎన్జీ పెట్టించాక స్టీరింగు తేలికైనట్టుంది, వెనక కూర్చుండిపోయినట్టుంది అని కొందరనేది అందుకే. కంపెనీ నుంచే సీఎన్జీతో వచ్చే బండ్లకు వెనక స్ప్రింగులు మార్చి ఇస్తారు. బయట బిగించే చోట స్ప్రింగుల ఊసు ఎత్తేవాళ్లు అరుదు.

బ్యాటరీ కార్లది ఇంకో దారి. చార్జింగు నూరు శాతం ఉన్నా, సున్నా ఉన్నా బ్యాటరీ బరువు ఒకటే. బరువు తగ్గదు, జరగదు. ట్యాంకులో ద్రవానికి ఉన్న తంటా ఏమిటంటే అది తగ్గడమే కాదు, జరుగుతుంది కూడా.

దీన్ని చూడాలంటే కారు కంటే నీళ్ల ట్యాంకరు మేలు. వేసవి వచ్చిందంటే అనంతపురం వీధుల్లో ట్రాక్టర్ల వెనక ట్యాంకర్లు తిరుగుతూనే ఉంటాయి. అయిదు వేల లీటర్ల ట్యాంకరు నిండితే నీళ్లే అయిదు టన్నులు. బోరు దగ్గర నింపుకుని బయల్దేరినప్పుడు మూత సందులోంచి కాసిని నీళ్లు చిమ్ముతాయి, ఆ తర్వాత ట్యాంకరు బుద్ధిగానే పోతుంది. తంటా వచ్చేది ఒక ఇంట్లో సంపు నింపి, మిగిలిన సగంతో ఇంకో వీధికి పోయేటప్పుడు. బరువు సగానికి తగ్గింది కాబట్టి సులువుగా ఉండాలి కదా. ఉండదు. డ్రైవరు బ్రేకు వేస్తాడు, ట్రాక్టరు ఆగుతుంది, ట్యాంకరు ఆగుతుంది, లోపలి నీళ్లు ఆగవు. రెండున్నర టన్నుల నీళ్లు ముందుకు పోయి ముందు గోడను గుద్దుతాయి. ఆగిపోయిందనుకున్న ట్రాక్టరు ఒక్క తోపుకు మళ్లీ అరడుగు కదులుతుంది. అప్పుడు నీళ్లు వెనక్కి పోతాయి, బండి వెనక్కి ఊగుతుంది. మూడు నాలుగు ఊపులకు గానీ అది కుదుటపడదు. ఆ ఊపుకు ట్రాక్టరు సీట్లో కూర్చున్న డ్రైవరు నడుము కూడా ముందుకీ వెనక్కీ ఊగడం వీధిలో నిలబడి చూస్తే కనిపిస్తుంది.

నిండు కుండ తొణకదు అనే మాటను మనుషుల గురించి వాడతాం కానీ అందులో ఉన్నది అచ్చమైన యంత్రశాస్త్రం. నిండా ఉన్న ద్రవానికి కదలడానికి చోటు లేదు, రాయిలాగే పాత్రతో పాటు పోతుంది. సగం ఉన్నదానికి పైన ఖాళీ ఉంది, ఒక పక్కకు పరుగెత్తి గుట్టగా చేరగలదు. అలా చేరినప్పుడు బరువు కేంద్రం జరుగుతుంది. ఇంకా ఇబ్బందేమిటంటే ఆ జరగడం ఒక క్షణం ఆలస్యంగా జరుగుతుంది. మలుపు ఎడమకు తిరిగినప్పుడు కుడి గోడకు పోయిన నీళ్లు, డ్రైవరు స్టీరింగు సరిచేసి కుడికి తిప్పేసరికి ఎడమకు బయల్దేరతాయి. ఆ ఊపూ మలుపుల వరసా కలిశాయంటే ఉయ్యాలను సరిగ్గా సమయానికి తోసినట్టే, ఊపు పెరుగుతూ పోతుంది. ట్యాంకరు పక్కకు పడేది అప్పుడే.

బంకులకు పెట్రోలు తెచ్చే లారీల్లో దీనికి ఏర్పాటు ఉంటుంది. పైనుంచి చూస్తే ఒకే గొట్టంలా కనిపించినా లోపల నాలుగైదు గదులుంటాయి. బంకులో ట్యాంకరు ఆగినప్పుడు మనిషి పైకెక్కి ఒక్కో మూతా తీసి, ఒక్కో గదిలోకీ డిప్ రాడ్డు దించి చూసుకోవడం గమనించే ఉంటారు. అన్ని మూతలు అందుకే. ఒక బంకులో కొంత దించాల్సి వస్తే ఒక గది మొత్తం ఖాళీ చేస్తారు, అన్ని గదులూ సగం సగం చేయరు. గదుల లోపల కూడా చిల్లుల పలకలు నిలబెట్టి ఉంటాయి. ద్రవం వాటి గుండా మెల్లగా పోగలదు, ఒక్కుమ్మడిగా పరుగెత్తలేదు. ఊళ్లలో వెల్డింగు షాపుల్లో చేయించే నీళ్ల ట్యాంకర్లలో ఈ పలకలు వేయించేవాళ్లూ ఉన్నారు, ఇనుము ఖర్చు చూసుకుని మానేసేవాళ్లూ ఉన్నారు.

కారు ట్యాంకులోనూ ఇలాంటి అడ్డు గోడలుంటాయి. సగం ట్యాంకులో పెట్రోలు 13 కిలోల చిల్లరే కాబట్టి టన్ను బరువున్న కారును అది ఊపలేదు. ప్రశాంతంగా ఉన్నప్పుడు స్పీడు బ్రేకరు దగ్గర మెల్లగా బ్రేకు వేస్తే వెనక సీటు కింద 'బుడుక్' మన్న చప్పుడు వినిపించవచ్చు, అంతవరకే.

బైకుల దగ్గర మాత్రం నవ్వి ఊరుకోలేం. స్ప్లెండర్ బరువు 112 కిలోలు, ట్యాంకు 9.8 లీటర్లు. నిండితే పెట్రోలు ఏడు కిలోల పైన, బండి బరువులో ఆరు శాతం దాటింది. వాటా చూసుకుంటే కారుకు రెట్టింపు. పైగా ట్యాంకు ఉండేది కింద కాదు, మోకాళ్ల మధ్య, బండికే ఎత్తైన చోటు. ఫుల్ చేయించాక బైకును స్టాండు మీంచి దించి పక్కకు వాల్చినప్పుడు చేతికి తగిలే బరువు అదే. పోతున్నప్పుడు అది పెద్దగా తెలియదు. మెల్లగా తిప్పుకునేటప్పుడు, సందుల్లో, ట్రాఫిక్‌లో తెలుస్తుంది.

ఈ బరువు కోసం నిద్ర మానుకునేవాళ్లు మాత్రం రేసు జట్లవాళ్లే. ఫార్ములా వన్‌లో 2010 నుంచి రేసు మధ్యలో ఇంధనం పోయడం నిషేధం. మొత్తం రేసుకు కావాల్సింది మొదట్లోనే నింపుకుని బయల్దేరాలి. 2014లో రేసుకు 100 కిలోలని పరిమితి పెట్టారు, 2019లో దాన్ని 110 చేశారు. వాళ్లు లీటర్లలో మాట్లాడరు, కిలోల్లోనే మాట్లాడతారు. ఎండకు లీటరు సాగుతుంది, కిలో సాగదు కాబట్టి. 2025లో డ్రైవరుతో కలిపి కారు కనీస బరువు 800 కిలోలు. దాని మీద 110 కిలోలంటే పద్నాలుగు శాతం. మన కారుకు మూడు శాతం ఏమీ కాదనుకున్నాం, పద్నాలుగు మాత్రం చాలా పెద్ద మాట. పది కిలోల ఇంధనానికి ఒక చుట్టుకు సుమారు 0.3 సెకను పోతుందని అక్కడ వాడుకలో ఉన్న లెక్క. నిండు ట్యాంకుతో మొదటి చుట్టు మూడు సెకన్లకు పైగా ఆలస్యం అన్నమాట, సెకనులో వందో వంతుకు కొట్టుకునే చోట.

అందులో మనకూ పనికొచ్చే పాఠం టైరు గురించినది. టైరు మీద బరువు పెరిగితే పట్టు కూడా పెరుగుతుంది, కానీ అంతే పాళ్లలో కాదు. బరువు రెట్టింపు అయితే పట్టు రెట్టింపుకు కాస్త తక్కువే వస్తుంది. మలుపులో కారును బయటికి నెట్టే బలం మాత్రం బరువుతో సమానంగా రెట్టింపు అవుతుంది. ఈ రెండింటి మధ్య మిగిలే లోటు వల్లే బరువైన బండి మలుపులో ముందుగా జారుతుంది. బ్రేకుల దగ్గరా ఇలాగే ఉంటుంది. టైరుకు పట్టున్నంత వరకూ ఆగే దూరం బరువుతో పెద్దగా మారదు, కానీ ఆపడానికి మింగాల్సిన వేడి బరువుతో పాటే పెరుగుతుంది. ఒకసారి బ్రేకు వేస్తే పోయేదేమీ లేదు. ఘాట్ దిగుతూ పది నిమిషాలు వేస్తూనే ఉంటే ఆ వేడి పోవడానికి దారి ఉండదు. రేసు కార్లలో ట్యాంకును డ్రైవరు వీపు వెనక, కారు నడిమధ్యన పెడతారు. నిండుగా ఉన్నా ఖాళీ అయినా ముందు వెనకల తూకం మారకూడదని. పోర్షా 911 దీనికి తిరగేసిన బొమ్మ: ఇంజను వెనక, ట్యాంకు ముందు. దారి సాగేకొద్దీ ముందు భాగం తేలికవుతూ పోతుంది.

మామూలు కారులో ట్యాంకు నిండుగా ఉండడం వల్ల వచ్చే నష్టం పన్నెండు రూపాయల చిల్లర అని తేలింది. మరీ ఖాళీగా ఉండడం వల్ల వచ్చే నష్టం అంత చిన్నది కాదు. ఇప్పటి కార్లలో ఇంధనం పంపు ట్యాంకు లోపలే, పెట్రోలులో మునిగి ఉంటుంది. పంపు మోటారును చల్లబరిచేది ఆ పెట్రోలే. ఎప్పుడూ రిజర్వులోనే తిరిగే బండిలో పంపు ఎక్కువగా వేడెక్కుతుంది, రోడ్డే పెనంలా కాలే మా ఎండాకాలంలో మరీను. ట్యాంకు అడుగున చేరిన నలకలు ఫిల్టరు దగ్గరికి చేరేదీ అప్పుడే.

కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్ దీనికి మంచి పరీక్ష. కడప 140 మీటర్ల దగ్గర పల్లంలో ఉంటుంది, అక్కడి నుంచి రోడ్డు కొండ మలుపులు తిరుగుతూ పైకెక్కుతుంది. ముందు బరువు లారీలు మొదటి గేరులో మూలుగుతూ పోతుంటాయి, దాటడానికి చోటుండదు. ట్యాంకులో నాలుగైదు లీటర్లే ఉందనుకుందాం. ఎక్కుడులో ఆ కాస్తా ట్యాంకు వెనక గోడకు చేరుతుంది, మలుపులో పక్క గోడకు చేరుతుంది. పంపు చుట్టూ చిన్న గిన్నె లాంటి అర ఒకటి పెట్టి, అందులో ఎప్పుడూ కొంత నిలవ ఉండేలా చేస్తారు కాబట్టి ఇంజను వెంటనే ఆగదు. అయితే ఆ గిన్నెలో పట్టేది కొద్దిగానే. మలుపు మీద మలుపు వచ్చి, లారీ వెనక ఆగి, మళ్లీ కదిలి ఎక్కుతున్నప్పుడు పంపు గాలి మింగితే ఇంజను ఒక్క దగ్గు దగ్గుతుంది. బరువు తక్కువుంటే పికప్ బాగుంటుందన్న సలహా గుర్తొచ్చే చోటు కాదది.

అప్పుడే డాష్‌బోర్డు మీద ముల్లు ఇంకో తమాషా చేస్తుంది. ముల్లును కదిపే లోపలి బెండు ట్యాంకులో ఏ మూల తేలుతుందో దాన్నిబట్టి ఎక్కుడులో కొన్ని కార్లకు ముల్లు పైకి లేస్తుంది, కొన్నింటికి కిందికి జారి ఎర్ర లైటు వెలుగుతుంది. లేచిన ముల్లును చూసి ధైర్యం తెచ్చుకోకూడదు, పడిన ముల్లును చూసి టెన్షన్ పడకూడదు. ఘాట్ దాటి, గువ్వలచెరువులో పాలకోవా కోసం బండి సమంగా ఉన్న చోట ఆపి ఒక నిమిషం తర్వాత మళ్లీ తాళం తిప్పితే, ముల్లు అసలు చోటికి వచ్చి నిలబడుతుంది.